తలుపు తట్టని ఊరు

2024 సెప్టెంబరు 17, మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నా నోటి నుంచి జపనీస్ పోయింది. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, అప్పుడు నేను కంప్యూటర్ ముందు కూర్చుని జపాన్‌లో ఉన్న అక్కయ్యతో మాట్లాడుతున్నాను. ఆవిడ ఒక మాట అడిగింది. జవాబు చెప్పబోయాను. రాలేదు. ఎందుకు రావడం లేదో తెలియక చూపు పక్కకు తిప్పితే తెర మూలన గడియారం కనబడింది.

అక్కయ్య నా తోడబుట్టినది కాదు. జపాన్ పడమటి తీరాన ఒక చిన్న పట్టణంలో ఒంటరిగా ఉండే మనిషి. 2012 సెప్టెంబరు నుంచి 2013 నవంబరు దాకా పద్నాలుగు నెలలు వాళ్ళింటి మేడ మీద గదిలో ఉన్నాను. నాకంటే పదకొండేళ్ళు పెద్దది కాబట్టి అక్కయ్య అన్నాను. తిరిగి లండన్ పక్కనున్న క్రోయిడన్ వచ్చేసిన తరువాత, ప్రతి నెలా మూడో మంగళవారం ఒక గంట మాట్లాడుకునేవాళ్ళం. నాకు ఉదయం, ఆవిడకు రాత్రి భోజనం అయిన వేళ.

ఆ రోజు ఆవిడ చెప్పిన కబురు ఇది. తాము ఇరవై ఏళ్ళుగా గెలిపించుకుంటున్న పట్టణ కౌన్సిల్ సభ్యురాలు ఈసారి పోటీ చేయడం లేదు. మనిషికి వయసైపోయింది, నిలబెట్టడానికి వేరేవాళ్ళు దొరకలేదు. అందుకని ఆమె కోసం పెట్టుకున్న మద్దతుదారుల సంఘాన్ని వచ్చే మార్చి 23, ఆదివారం నాడు సభ పెట్టి మూసేస్తారు. పాత సభ్యులు తలా మూడు నిమిషాలు మాట్లాడతారు.

“నువ్వూ సంఘం సభ్యురాలివే కదా. మాట్లాడతావా?” అని అడిగింది.

తప్పకుండా అనాలి. ఆ భాషలో ఆ ఒక్క మాటను నేను కొన్ని వేలసార్లు అని ఉంటాను. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది కానీ అది మాట కాదు.

తెర మీద అక్కయ్య లేచి నిలబడింది. అరవడం మొదలుపెట్టింది.

వంటింట్లో చారు పోపు పెడుతున్న మా చెల్లెలు గరిటెతో సహా వచ్చింది. చెల్లెలు నాకంటే మూడేళ్ళు చిన్నది. ఇక్కడ ఒక జీపీ సర్జరీలో, అంటే డాక్టరు క్లినిక్‌లో, పంతొమ్మిదేళ్ళు రిసెప్షన్‌లో పనిచేసి రిటైరైంది. మా మరిది పోయాక నా ఫ్లాట్‌కే వచ్చేసింది.

“ఏంటక్కా, ఆవిడ అలా అరుస్తోంది? దెబ్బలాడుకుంటున్నారా?”

అక్కయ్యకు తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు. మా చెల్లెలికి జపనీస్ రాదు. అక్కయ్య రెండు చేతులూ పైకెత్తింది, దించింది, నా వైపు వేలు చూపింది, మళ్ళీ ఎత్తింది. వాళ్ళ వీధిలో ఏటా భూకంపం కసరత్తు చేస్తారు. ఎవరు ఎవరిని చూసుకోవాలో, ఎవరికి ఏమైతే ఎలా గుర్తించాలో అప్పుడే నేర్పుతారు. ఆ కసరత్తుకు ఎన్నో ఏళ్ళు ఆవిడే పెద్ద. మా చెల్లెలికి సర్జరీ గోడ మీద ఉండే, పక్షవాతం ఎలా గుర్తించాలో చెప్పే పోస్టరు గుర్తొచ్చింది.

“అక్కా, చేతులు రెండూ ఎత్తు. ఎత్తవే బాబూ!”

ఎత్తాను. ఎడమది పైకి వెళ్ళింది. కుడిది భుజం దగ్గర ఆగిపోయింది.

అంబులెన్సు వచ్చేదాకా అక్కయ్య తెర మీద అలాగే ఉందట. నన్ను కుర్చీలో పెట్టి తీసుకువెళుతుంటే, ఆ అంబులెన్సు కుర్రాళ్ళిద్దరికీ నడుము వంచి నమస్కారం చేసిందట. వాళ్ళు కూడా వంగారని చెల్లెలు ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాను. తెలుగు నన్ను ఒక్క నిమిషం కూడా విడిచిపెట్టలేదు. అంబులెన్సులోనే “పొయ్యి ఆపావా?” అని అడిగానట. ఇంగ్లీషు మొదట తడబడి రెండో వారానికి కుదురుకుంది. జపనీస్ రాలేదు. ఎవరైనా మాట్లాడితే ఆ పలుకుబడి తెలిసినట్టే ఉంటుంది. మన వీధిలోకి వచ్చాం కానీ మన ఇల్లు ఏదో గుర్తుపట్టలేకపోతున్నాం అన్నట్టుగా ఉంటుంది. అక్షరాలైతే గీతలుగా కనబడ్డాయి.

మాట నేర్పడానికి వచ్చే థెరపిస్టు చిన్న వయసు అమ్మాయి. బొమ్మల కార్డులు చూపించేది. తాళంచెవి, గొడుగు, కెటిల్.

“చాలా బాగా కోలుకుంటున్నారు,” అంది ఇంగ్లీషులో.

“నాకు కావలసింది ఈ భాష కాదమ్మా.”

“ఆ భాష వచ్చినవాళ్ళు మా దగ్గర లేరు. చివరగా నేర్చుకున్నది ముందు పోవడం ఒక్కోసారి జరుగుతుంది. ఎంత వెనక్కి వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఎందుకంత పట్టుదల?”

“మార్చి 23న మూడు నిమిషాలు మాట్లాడాలి,” అన్నాను.

ఆ అమ్మాయి అది రాసుకుంది. అక్కడ ఉద్యోగమో, మనవరాలి పెళ్ళో అనుకుని ఉంటుంది. ఒక కౌన్సిల్ సభ్యురాలి సంఘాన్ని మూసే సభ అని చెబితే అర్థమయ్యేది కాదు.

నేను 1979లో ఈ దేశం వచ్చాను. లండన్ దక్షిణాన ఒక కౌన్సిల్‌లో, ఎన్నికల విభాగంలో, అరవై నిండేదాకా పనిచేశాను. ఓటర్ల జాబితాలు, పోలింగ్ రోజు సిబ్బంది డ్యూటీల పట్టిక, లెక్కింపు బల్లలు, ఇవే నా పని. 2002లో, ఎన్నికలకు ముందు లెక్కింపు సిబ్బందికి శిక్షణ ఇస్తున్నప్పుడు, టీ విరామంలో తాత్కాలిక పనికి వచ్చిన ఒక జపాన్ ఆవిడ అంది. “మీ దగ్గర అభ్యర్థులు ఇంటింటికీ తిరిగి తలుపు కొడతారు కదా, మా దేశంలో ఓటు అడగడానికి తలుపు తట్టడం నేరం.”

నేను నమ్మలేదు. ఇంటికి వచ్చి వెతికి చూసుకున్నాను. నిజమే. మరి తలుపు తట్టకుండా ఓటు ఎలా అడుగుతారు? ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆ సెప్టెంబరులో సాయంత్రం క్లాసులో జపనీస్ మొదలుపెట్టాను. అప్పటికి నాకు యాభై ఒకటి. రిటైరైన సంవత్సరమే లండన్‌లో ఒక యూనివర్సిటీలో మానవశాస్త్రంలో పరిశోధనకు చేరాను. క్లాసులో మిగిలినవాళ్ళు నన్ను ఎవరి తల్లో అనుకున్నారు. ఆ శాస్త్రంలో పద్ధతి ఒకటే. జనం మధ్యకు వెళ్ళి, వాళ్ళతో పాటు ఉండి, వాళ్ళు చేసేది చేస్తూ చూడాలి. నాకు ఆ సభ్యురాలి ఊరు దొరికింది, ఆమె సంఘానికి పెద్దదిక్కైన అక్కయ్య ఇల్లు దొరికింది.

వెళ్ళిన మొదటి వారమే నాకు చెత్త డ్యూటీ వేశారు.

అక్కడ చెత్త ఇంటి ముందు పెట్టరు. వీధి మలుపులో ఒక చోటు ఉంటుంది. అందరూ ఉదయం సంచులు తెచ్చి అక్కడ పెట్టాలి. కాకులు చింపకుండా వల కప్పాలి. లారీ వెళ్ళాక ఊడవాలి. ఈ పని వారానికొక ఇల్లు. డ్యూటీ ఉన్న ఇంటి తలుపుకు ఒక చెక్క బిళ్ళ వేలాడుతుంది. వారం అయ్యాక దాన్ని తీసుకువెళ్ళి పక్కింటి తలుపుకు తగిలించాలి. అక్కయ్య వంతు వచ్చినప్పుడు బిళ్ళ నా చేతిలో పెట్టి, “ఇక నువ్వే,” అంది.

నేను ఎన్నికల విభాగం మనిషిని. సంచి తెచ్చి పెడుతున్న మూడో ఇంటావిడను, మర్యాదగానే, వచ్చే ఎన్నికలో ఎవరికి ఓటు వేస్తారని అడిగాను. ఆవిడ ఆకాశం వైపు చూసింది.

“ఈరోజు గాలి ఎక్కువగా ఉంది కదూ,” అంది.

ఆ తరువాత రెండు వారాలు ఆ వీధిలో అందరూ నాతో గాలి గురించే మాట్లాడారు. అక్కయ్య రాత్రి అన్నం తింటూ నవ్వింది.

“నీకు మా ఊరి గాలి గురించి బాగా తెలిసిపోయిందట కదా.”

“మరి ఎన్నిక పని ఎప్పుడు మొదలవుతుంది?” అని అడిగాను.

“వల పట్టుకుని రోజూ నువ్వు చేస్తున్నది ఏమిటి మరి?”

నాకు అర్థం కాలేదు. ఆవిడ చాప్‌స్టిక్స్ కింద పెట్టి, బాగా ఆలోచించి చెప్పింది. “ఓటు అడిగితే మనిషి ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తాడు. పలకరిస్తే ఆలోచించడు. పలకరిస్తాడు. మా సభ్యురాలు ఈ మలుపులో పదేళ్ళు ఊడ్చింది. ఓటు మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.”

నేను వెతుక్కుంటూ వెళ్ళింది ఇదే. నా ప్రశ్నకు జవాబు ఆ మలుపులోనే దొరికింది. తరువాత నెలల్లో ఆ సభ్యురాలి వెంట చావు ఇళ్ళకు వెళ్ళాను, బడి ఆటల పోటీలకు వెళ్ళాను, మంచు పడితే ముసలివాళ్ళ గుమ్మాల ముందు మంచు తీశాను. ప్రచారం వారం వచ్చినప్పుడు తెల్ల చేతి తొడుగులు వేసుకున్న ఆడవాళ్ళతో కారులో కూర్చున్నాను. మైకులో ఆమె పేరు చెబుతూ, ఎవరూ లేని పొలాలకు కూడా చేతులు ఊపారు. గట్టు వెనక ఎవరైనా ఉండవచ్చు అన్నారు. సంఘంలో నన్ను సభ్యురాలిగా చేర్చుకున్నారు. రుసుము మాత్రం తీసుకోలేదు. విదేశీయుల డబ్బు రాజకీయాల్లోకి రాకూడదని అక్కడి చట్టం.

“నీ డబ్బు మాకు చెల్లదు. నీ చీపురు చెల్లుతుంది,” అంది అక్కయ్య.

నేను ఇవన్నీ రాసుకున్నాను. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు ముందు వంగారు, ఎవరు ఎంతసేపు ఉన్నారు. పలకరింపులు మాత్రం రాసుకోలేదు. చలిగా ఉంది, వెచ్చగా ఉంది, శ్రమపడ్డారు, దయ ఉంచండి. ఇవి రోజుకు వందసార్లు వినబడేవి. వాటి బదులు పేజీ పక్కన “పలకరింపులు” అని ఒక్క మాట వేసి ముందుకు వెళ్ళేదాన్ని.

ఆసుపత్రి నుంచి వచ్చాక నా పాత జపనీస్ పాఠ్యపుస్తకాలు బల్ల మీద పెట్టుకుని మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాను. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. నాకు చదువంటే భయం లేదు. కానీ పొద్దున ఎక్కించుకున్న మాట సాయంత్రానికి ఉండేది కాదు. అక్టోబరు మూడో మంగళవారం అక్కయ్య తెర మీదకు వచ్చినప్పుడు ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. కిటికీ దగ్గరకు టాబ్లెట్ తీసుకువెళ్ళి నాకు చీకట్లో వాన చూపించింది. ఒక గంట అలా కూర్చున్నాం. ఆ టాబ్లెట్ కూడా ఆవిడ సొంతం కాదు, సంఘానిది.

నవంబరులో ఒక రోజు పొద్దున, మా వీధిలో బిన్‌లు తీసుకువెళ్ళే రోజు, ఎవరిదో చెత్త సంచి ఊళ్ళో తిరిగే నక్కలు రాత్రి చింపేశాయి. పేవ్‌మెంట్ అంతా టేకవే డబ్బాలు, కోడి ఎముకలు. ఈ వీధిలో దాన్ని ఊడ్చే వంతు ఎవరిదీ కాదు. కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే వాళ్ళే వస్తారు. నేను లోపలికి వెళ్ళి చీపురు తెచ్చాను.

“అక్కా, ఆ చేత్తో ఊడుస్తావా? నీకేం పట్టింది, కౌన్సిల్ వాళ్ళ జీతం మనకిస్తారా?” అంటూ చెల్లెలు కూడా చాట పట్టుకు వచ్చింది.

ఊడుస్తుండగా లారీ వచ్చింది. దిగిన అతను మా కుప్ప చూసి బొటనవేలు ఎత్తాడు. నేను చీపురు నిలబెట్టి తల వంచి, “ఒత్సుకరెసమా,” అన్నాను.

శ్రమపడ్డారు అని. అనాలని అనుకోలేదు. నడుము వంగింది, దానితో పాటు మాట వచ్చింది. అతను థాంక్స్ చెప్పినట్టు “చీర్స్, లవ్,” అని వెళ్ళిపోయాడు. నేను చీపురు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

“ఏమన్నావు అతన్ని? తిట్టావా?” అంది చెల్లెలు.

“జపనీస్ వచ్చిందే.”

“బిన్ లారీ చూస్తే వచ్చిందా! ఇంతదానికి ఆ థెరపిస్టు పిల్ల బొమ్మలెందుకు, మనమే రోజూ చెత్త పోసుకుందాం.”

వేళాకోళమే కానీ అందులో దారి ఉంది. పుస్తకాలు మూసేశాను. వంటింటిని ఆ వీధి మలుపుగా చేసుకున్నాం. చెల్లెలు బయటి నుంచి సంచి పట్టుకుని రావాలి, నేను చీపురుతో నిలబడాలి. నేను వంగాలి, ఆమె వంగాలి.

“నేనిప్పుడు ఎవర్ని?”

“అక్కయ్యవి.”

“అంటే నీకు అక్కనా? బావుంది, డెబ్బై దాటాక ప్రమోషన్. ఒక సంగతి చెప్పు. నాకు అక్కవి నువ్వు. నీకు అక్క ఆవిడ. మరి నాకు ఆవిడ ఏమవుతుంది?”

“పెద్దక్క.”

“ఊరుకో. అమ్మానాన్నల రేషన్ కార్డులో లేని పెద్దక్కలు నాకొద్దు,” అని, వంగి, “అమ్మా, నడుం! ఈ ఎన్నికలు గెలవడం మనవల్ల కాదు,” అంది.

అయినా రోజూ వచ్చింది. వానొస్తే తడిసిన గొడుగుతో వచ్చేది, నేను వాన గురించి అనాలి. చలేస్తే కోటు బిగించుకుని వచ్చేది, చలి గురించి అనాలి. అలా ఒక్కొక్కటే వచ్చాయి. శుభోదయం. చల్లబడింది. వెచ్చబడింది. శ్రమపడ్డారు. మీ వల్లే. మీకంటే ముందు వెళుతున్నాను, ఏమీ అనుకోకండి. దయ ఉంచండి. డిసెంబరు మంగళవారం ఇవి చెబితే అక్కయ్య రెండు చేతులతో నోరు మూసుకుంది. వెంటనే తనూ చలి గురించి చెప్పింది. మా చెల్లెలు నా భుజం మీదుగా తల పెట్టి, “చల్లబడింది కదండీ,” అని నాకంటే బాగా పలికింది. ముగ్గురం నవ్వాం.

అంతకు మించి రాలేదు. పలకరింపులు వచ్చాయి, వాక్యాలు రాలేదు. నాది అని ఒక మాట కూర్చబోతే ఎక్కడో తెగిపోయేది. పద్నాలుగు నెలల్లో నేను దేన్ని రాసుకోకుండా వదిలేశానో అది మిగిలింది. రాసుకున్నవన్నీ పోయాయి.

ఫిబ్రవరిలో నేను చెప్పదలచుకున్నది తెలుగులో రాసుకున్నాను. మీ ఊరికి ఓటు ఎలా అడుగుతారో చూద్దామని వచ్చాను. మీరు నా చేతికి చీపురు ఇచ్చారు. నేను ఇంగ్లండులో నలభై అయిదేళ్ళుగా ఉన్నాను, అందరూ మంచివాళ్ళే, నా పన్ను నేను కట్టాను, నా ఓటు నేను వేశాను. కానీ ఈ వంతు నీది అని నా తలుపుకు ఎవరూ బిళ్ళ తగిలించలేదు. మీరు తగిలించారు. ఆ బిళ్ళ వేలాడిన వారాల్లో నేను ఎక్కడి మనిషినో నాకు సందేహం కలగలేదు. గడియారం పెట్టి చదివితే మూడు నిమిషాలకు అయిదు సెకన్లు తక్కువ.

చెల్లెలు విని కాగితం తన చేతిలోకి తీసుకుంది. “దీన్ని ఫోన్‌లో పెడితే జపనీస్ చేసి ఇస్తుంది కదా. అది తెలుగు అక్షరాల్లో రాసిస్తాను. చూసి చదివెయ్.”

అలాగే చేశాం. రెండు రోజులు చదివాను. తప్పు లేకుండా వచ్చింది. మూడో రోజు మధ్యలో ఆగిపోయాను.

“ఏమైంది?”

“ఇందులో నేను ఏ వాక్యంలో ఉన్నానో నాకు తెలియడం లేదు.”

“వాళ్ళకు తెలుస్తుంది కదా అక్కా, అది చాలదా?”

“నేను అంటున్నది నాకే తెలియనప్పుడు అది నేను అన్నట్టు కాదు.”

“కౌన్సిల్ ఉద్యోగం మానినా ఆ చాదస్తం మానలేదు. పోనీ ఇంగ్లీషులో చెప్పు, అక్కడ ఎవరో ఒకరు చెబుతారు.”

“అక్కయ్యకు నేను ఇంగ్లీషులో ఎప్పుడూ ఒక్క మాట చెప్పలేదు. ఆఖరి మాట అలా చెప్పను.”

చెల్లెలు లేచి వెళ్ళి, కెటిల్ పెట్టి, వంటింట్లోంచి అరిచింది. “అయితే వెచ్చబడింది, చల్లబడింది అని మూడు నిమిషాలు చెప్పు!”

మార్చి 23 ఉదయం ఏడు గంటలకు, వాళ్ళకు సాయంత్రం నాలుగింటికి, తెర వెలిగింది. హాలు, మడత కుర్చీలు, తెల్లని తలలు. ముందు వరుస చివర అక్కయ్య. కౌన్సిల్ సభ్యురాలు నిలబడి మాట్లాడింది, చాలాసేపు వంగి ఉండిపోయింది. ఒక్కొక్కరు లేచారు. మూడు నిమిషాలు కాగానే బల్ల దగ్గరున్న ఒకాయన చిన్న గంట కొట్టేవాడు. నాకు మాటలు అర్థం కాలేదు. గొంతులు తెలుసు. మంచు తీసిన ఇళ్ళు గుర్తొచ్చాయి.

అక్కయ్య లేచి నా పేరు పిలిచింది. హాలు మొత్తం తెర వైపు తిరిగింది.

నేను పట్టుచీర కట్టుకుని, పైన స్వెటర్ వేసుకుని కూర్చున్నాను. చెల్లెలు నా పక్కనే ఉంది. నిలబడి వంగాను.

“కాస్త వెచ్చబడింది,” అన్నాను.

“అవును, వెచ్చబడింది,” అంది హాలంతా, ఒకే గొంతుతో.

“అందరూ శ్రమపడ్డారు.”

“మీరూ శ్రమపడ్డారు.”

“అంతా మీ వల్లే.”

ఆ తరువాత నాదైన మాట ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. చీపురు అనాలి. చీపురుకు మాట లేదు. బిళ్ళకు మాట లేదు. చేతితో గాలిలో ఊడ్చి చూపించబోయి ఆపేశాను. పద్నాలుగు నెలలు నా మాట కోసం ఎదురు చూసిన ఆ ముఖాలే ఇప్పుడూ ఎదురు చూస్తున్నాయి. ఇక ఏమీ రాక, వంగాను. వంగగానే అలవాటుగా వచ్చే మాట వచ్చింది.

“ఇకముందు కూడా మా మీద దయ ఉంచండి.”

అన్నాక తెలిసింది. ఆ మాట మొదలయ్యే పనికి అనేది, కొనసాగే పనికి అనేది. మూసేస్తున్న సంఘానికి అనేది కాదు. వాళ్ళకు ఇక ముందు లేదు. అలాంటి తప్పు అక్కడి బడిపిల్ల కూడా చేయదు. హాల్లో వెనక ఎవరో ముక్కు చీదారు.

అక్కయ్య కుర్చీ వెనక్కి జరిపి, రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని, తెర ముందుకు వచ్చి వంగింది.

“మా తరఫున కూడా, ఇకముందు,” అంది.

హాలు మొత్తం లేచి అదే అంది. నా పక్కన చెల్లెలు కూడా వంగింది, నడుం సంగతి మరిచిపోయి.

అప్పటికి ఒక నిమిషం కూడా కాలేదు. గంట దగ్గరున్న ఆయన గడియారం చూశాడు కానీ గంట ముట్టుకోలేదు. తరువాతి మనిషిని ఎవరూ పిలవలేదు. నా మూడు నిమిషాలు నావే. ఆ మిగిలిన సమయమంతా వాళ్ళు నన్ను చూస్తూ కూర్చున్నారు, నేను వాళ్ళను చూస్తూ కూర్చున్నాను. వరుస వరుసగా చూశాను. మూడు నిమిషాలు నిండాక గంట మోగింది.

తెర ఆరిపోయాక చెల్లెలు అడిగింది. “చివర ఏమన్నావక్కా?”

“తప్పు అన్నాను.”

“వాళ్ళకు అలా అనిపించినట్టు లేదు,” అని ముఖం కొంగుతో తుడుచుకుని, “ఇడ్లీ పెట్టనా?” అంది.

నెలాఖరుకు సంఘం ఆఫీసు ఖాళీ చేశారు. సంఘం సామానుతో పాటు టాబ్లెట్ కూడా పోయింది. ఏప్రిల్ మూడో మంగళవారం పదకొండింటికి అక్కయ్య ఇంటి ఫోన్‌కి చేశాను. ఎత్తింది. శుభోదయం అన్నాను. అక్కడ రాత్రి. ఆవిడకు చెవులు మందగించాయి, తెర మీద నా పెదవులు చూసి అందుకునేదని అప్పుడు తెలిసింది. ఎవరండీ అంది. నా పేరు చెప్పాను. ఎవరండీ అంది మళ్ళీ, గట్టిగా. వెచ్చబడింది అన్నాను. తప్పు నంబరు అనుకుని ఉంటుంది, మర్యాదగా క్షమాపణ చెప్పి పెట్టేసింది. మే నెలలో మళ్ళీ చేశాను, అలాగే అయింది. రాత్రిపూట ఫోన్ మోగితే ముసలి మనిషి కంగారు పడుతుందని జూన్‌లో చేయలేదు. పండగలకు కార్డు పంపుతున్నాను, బొమ్మ ఉన్నది, లోపల తెలుగులో పేరు రాసి. ఆవిడ కూడా పంపుతోంది. చెల్లెలు వాటిని ఫ్రిజ్ మీద అతికిస్తోంది. మేము ఇంకా బిన్‌ల రోజున మా గుమ్మం ముందు, పక్క రెండు గుమ్మాల ముందు ఊడుస్తున్నాం.

లెక్క చూసుకున్నాను. పోయినవి ఇవి. ఒక భాష, ఇరవై రెండేళ్ళు నేర్చుకున్నది. పదకొండు నోటు పుస్తకాలు, అల్మారాలోనే ఉన్నాయి, అందులో వాళ్ళ మాటలు వాళ్ళ లిపిలో రాశాను, చదవలేను. ఒక సంఘం, ఆఖరి రోజున హాల్లో నేను లెక్కపెట్టిన తలలు డెబ్బై నాలుగు. నెలకు ఒక గంట. ఒక అక్కయ్య, ఎనభై అయిదేళ్ళు, బతికే ఉంది.